ఒక్క రోజులో సైకిల్ మీద విశాఖ: భీమిలి వైపా, హార్బర్ వైపా?

తుమ్మలపెంట రోడ్డు, కావలి

అందరికీ నమస్కారం. నాకు 49 ఏళ్లు. కావలిలో చిన్న ఎలక్ట్రికల్ షాపు పెట్టుకున్నాను. నాలుగేళ్లుగా రోజూ తెల్లవారుజామున తుమ్మలపెంట సముద్రం దాకా సైకిల్ తొక్కి, షాపు తీసే వేళకు తిరిగి వస్తాను. ఎప్పుడైనా ఆదివారం తీరిక దొరికితే రామాయపట్నం వైపు పోతాను. అన్నీ చదును రోడ్లే. ఇటు రొయ్యల చెరువులు, అటు సరుగుడు తోటలు, ఎదురుగాలి తప్ప వేరే కష్టం తెలియదు. కొండ రోడ్డు మీద సైకిల్ తొక్కిన అనుభవం అసలు లేదు.

వచ్చే గురువారం విజయనగరంలో మా మేనకోడలి నిశ్చితార్థం. ఇంట్లో వాళ్లు ఆ రోజుకు వస్తారు. నేను ఒక రోజు ముందే బయల్దేరి బుధవారం తెల్లవారేసరికి విశాఖలో దిగుతాను. రాత్రికి విజయనగరం చేరితే చాలు. మధ్యలో ఉన్న ఆ ఒక్క పగలు నాది. ఇంతవరకు నేను విశాఖ చూడలేదు.

ఎవరిని అడిగినా బీచ్ రోడ్డు పట్టుకుని భీమిలి దాకా పొమ్మంటున్నారు. ఫోటోలు చూశాను, బాగుంది. కానీ నా మనసులో ఇంకొకటి ఉంది. మా నాన్న 1973లో ఒక మేస్త్రీ వెంట కావలి నుంచి విశాఖ వెళ్లి, రెండేళ్లకు పైగా ఔటర్ హార్బర్ కట్టే పనిలో ఉన్నాడు. సముద్రంలో రాళ్లు పోసి కట్ట వేసే పని. వన్‌టౌన్‌లో అంటే విశాఖ పాత ఊళ్లో, ఒక గదిలో ఎనిమిది మంది ఉండేవాళ్లట. ఆ తరువాత ఊరికి వచ్చేసి జీవితమంతా బేల్దారి పని చేశాడు గానీ, మాటల్లో మాత్రం ఆ రెండేళ్లే ఎక్కువ దొర్లేవి. యారాడ కొండ, మూడు గుట్టల మీద మూడు గుళ్లు, రాత్రిళ్లు ఓడ కూత. వంజరం చేపను చచ్చేదాకా కోనాం అనే అన్నాడు. మా అమ్మ ఎన్నిసార్లు సరిచేసినా మార్చుకోలేదు.

నాన్న పోయి పద్నాలుగు నెలలైంది. ఆయన రాళ్లు మోసిన కట్టను ఒక్కసారి కళ్లారా చూడాలని ఉంది. దగ్గరకు పోనివ్వరని తెలుసు, దూరం నుంచైనా చాలు. పాస్ లేకుండా ఎక్కడి నుంచి కనబడుతుంది? అది చూసుకుని భీమిలి కూడా పోయిరాగలనా, ఆశ పడకుండా ఒకటే పెట్టుకోమంటారా? సైకిల్ రైల్లో వేసుకుని రావడం మేలా, అక్కడ ఎవరి దగ్గరైనా తీసుకోవడం మేలా? నాది 21 గేర్ల మామూలు సైకిల్, 16 కిలోలు ఉంటుంది. రోజుకు 40 కిలోమీటర్లు తొక్కినా నాకు అలసట లేదు. 60 దాటితే మోకాళ్లు చెబుతాయి.

కొత్తపట్నం గాలి, ఒంగోలు

అన్నా, నా మాట విని భీమిలి వదలొద్దు. నేను ఒంగోలు నుంచి కొత్తపట్నం రోడ్డులో వారానికి నాలుగు రోజులు తొక్కుతాను. సముద్రం మనకు కొత్త కాదు. కానీ కొండ పక్కన సముద్రం మన జిల్లాల్లో లేదు. తెన్నేటి పార్కు దగ్గర రోడ్డు కైలాసగిరి కొండ అంచున పైకి లేస్తుంది. ఎడమ చేతి వైపు కొండ, కుడి చేతి వైపు కింద అలలు. ఆ ఎత్తు మీద నిలబడి వెనక్కి తిరిగి చూస్తే ఊరంతా ఒంపు తిరిగి కనిపిస్తుంది. అక్కడి నుంచి సాగర్‌నగర్, రుషికొండ, మంగమారిపేట, ఆ తరువాత ఎర్రమట్టి దిబ్బలు. ఆ దిబ్బల మధ్య నిలబడితే చుట్టూ ఎర్రగా గోడల్లాగా ఉంటుంది. వాన నీళ్లు కోసిన మట్టి అది.

భీమిలిలో గోస్తని నది సముద్రంలో కలిసే చోటు చూడండి. డచ్చి వాళ్ల సమాధులు, లైట్‌హౌస్ కూడా అక్కడే. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు అది. ఆర్కే బీచ్ నుంచి పోను పాతిక, రాను పాతిక. మీ మోకాళ్లకు సరిపోయే లెక్కే.

గాలి సంగతి ఒకటి గుర్తు పెట్టుకోండి. నేను పోయింది మే నెలలో. నైరుతి గాలి వెనక నుంచి తోస్తుంటే పోయేటప్పుడు గంటన్నర కూడా పట్టలేదు. వచ్చేటప్పుడు మూడు గంటలు పట్టింది, రుషికొండ దగ్గర దిగి నడిచాను. డిసెంబరులో తిరగబడుతుంది. ఈశాన్యపు గాలి కాబట్టి పోయేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు తోడు. అలసిపోయాక తోడు దొరకడమే మంచిది కదా. అందుకే మీకు ఇదే సీజను అంటున్నాను.

పార్సిల్ ఆఫీసు, నెల్లూరు

నేను రైల్వేలో పార్సిల్ క్లర్కుగా చేసి రిటైరయ్యాను. సైకిల్ గురించి మాత్రం నేను చెప్పగలను.

మామూలు సైకిల్‌ను బోగీలోకి ఎక్కించుకోవడానికి లేదు బాబూ. టికెట్టు మీద వచ్చే ఉచిత లగేజీ లెక్కలోకి కూడా అది రాదు. పార్సిల్ ఆఫీసులో టికెట్టు చూపించి, లగేజీగా బుక్ చేసి, విడిగా డబ్బు కట్టాలి. అప్పుడు బ్రేక్ వ్యాన్‌లో వేస్తారు. బండి చివర, లేదా ఇంజను పక్కన, గార్డు పెట్టెతో కలిసి ఉండే సామాను బోగీ అది. పెడల్స్ విప్పి, హ్యాండిల్ తిప్పి ఫ్రేముకు కట్టి, గేర్లు ఉన్న వైపు గోనెపట్టా చుట్టి తేవాలి. పేరు, దిగే స్టేషను పెద్ద అక్షరాలతో రెండు చోట్ల రాయాలి. మడత సైకిల్ సంచిలో పెట్టుకుంటే ఆ కథ వేరు, అది పెట్టె కిందకు వస్తుంది.

మీ కష్టం ఎక్కడంటే కావలిలో బండి ఆగేది ఒకటి రెండు నిమిషాలు. ఆ కాసేపట్లో సామాను బోగీ తలుపు తీసి సైకిల్ ఎక్కించడం జరిగే పని కాదు. నెల్లూరులోనో ఒంగోలులోనో బుక్ చేసి అక్కడి నుంచే మీరూ ఎక్కాలి. అది చేసినా విశాఖలో దించుకుని, రసీదు చూపి, విడిపించుకుని, పెడల్స్ బిగించేసరికి మీకున్న పగట్లో గంటన్నర పోతుంది. సాయంత్రం విజయనగరానికి మళ్లీ అదే తంతు. నా సర్వీసులో ఎన్నో సైకిళ్లు ఎక్కించాను. కాలేజీలో చేరే పిల్లలకు, బదిలీ మీద పోయేవాళ్లకు ఆ పద్ధతి మంచిది. ఒక పగలు కోసం మాత్రం వద్దు. అక్కడే ఎవరి దగ్గరైనా తీసుకోండి. సీటు మాత్రం మీది తీసుకుపోండి, సంచిలో పడుతుంది. పరాయి సీటు మీద నలభై కిలోమీటర్లు కూర్చోవడం కష్టం.

ఉలవపాడు ఆడపడుచు, పెదవాల్తేరు

అన్నా, మాది ఉలవపాడు. పెళ్లై వచ్చి పంతొమ్మిదేళ్లుగా విశాఖలో ఉంటున్నాను. మా ఆయన సైకిల్ ఉంది, 18 గేర్లు, టైర్లు పోయిన నెలే మార్చాం. బుధవారం ఆయన డ్యూటీలో ఉంటారు కాబట్టి అది ఖాళీయే. స్టేషను దగ్గరకు మా బాబు తెచ్చి ఇస్తాడు. మొహమాటపడొద్దు. కావలి మనిషికి సైకిల్ ఇవ్వకపోతే మా అమ్మ ఊరుకోదు.

ఇక మీ ప్రశ్న. ఒంగోలు తమ్ముడు చెప్పింది అబద్ధం కాదు, ఆ రోడ్డు అందమైనదే. అయితే మీరు అడిగింది అందం గురించి కాదు కదా. మీ నాన్నగారి ఊరు చూడాలంటున్నారు. అది భీమిలి వైపు లేదు, దానికి వెనక వైపు ఉంది. విశాఖ చూడటానికి వచ్చినవాళ్లు ఆర్కే బీచ్‌లో నిలబడి ఉత్తరానికి తిరుగుతారు. మీరు దక్షిణానికి తిరగండి. కుడి చేతి వైపు సముద్రంలోకి తోసుకొచ్చిన పెద్ద కొండ కనిపిస్తుంది. అదే యారాడ కొండ, పుస్తకాల్లో డాల్ఫిన్స్ నోస్ అని ఉంటుంది. మా అత్తగారు, ఇక్కడి పాతవాళ్లు యారాడ కొండ అనే అంటారు, మీ నాన్నగారిలాగే. ఆ కొండ కాపు కాయబట్టే ఇక్కడ హార్బర్ వచ్చింది.

పూర్వం ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరేసేవి, సరుకు పడవల మీద ఒడ్డుకు వచ్చేది. కొండకు ఈవల ఉన్న ఆటుపోట్ల బురద నేలను తవ్వి, కాలువ లోతు చేసి లోపలి హార్బర్ చేశారు. కాలువ మొదట్లో అలలు ఆపడానికి రెండు పాత ఓడలను రాళ్లతో నింపి ముంచేశారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ మొదటగా లోపలికి వచ్చింది. ఆ కాలువ సన్నం. పెద్ద ఓడలు, ముఖ్యంగా బైలదిల్లా గనుల ఇనప రాయి జపాను తీసుకుపోయే ఓడలు పట్టాలంటే బయట సముద్రంలోనే చోటు చెయ్యాలి. అందుకే ఔటర్ హార్బర్. అది 1976లో తెరిచారు. మీ నాన్నగారు ఉన్నది సరిగ్గా ఆ కట్టలు లేస్తున్న రోజుల్లో అన్నమాట.

ఆ కట్టలకు, మేం రోజూ నడిచే బీచ్ ఇసుకకు సంబంధం ఉందని మీకు చెప్పాలి. మా ఆయన డ్రెడ్జింగ్ పనిలో, అంటే నీటి అడుగున పేరుకున్న ఇసుక తోడే పనిలో ఉంటారు, ఇది ఆయన నాకు చెప్పింది. మన తీరంలో అలలు ఇసుకను తీరం వెంబడి నడిపిస్తాయి. నైరుతి గాలులప్పుడు ఉత్తరానికి, ఈశాన్యపు గాలులప్పుడు దక్షిణానికి. ఏడాది లెక్క తీస్తే ఉత్తరానికి పోయేదే చాలా ఎక్కువ. హార్బర్ కట్టలు దానికి అడ్డం పడ్డాయి. ఇసుక దక్షిణం వైపు ఆగిపోతుంది, ఇవతల ఆర్కే బీచ్‌కు రావలసింది రాదు, అలలు మాత్రం ఉన్నది కోసుకుపోతాయి. అందుకని ఆగిన ఇసుకను డ్రెడ్జర్‌తో తవ్వి గొట్టాల్లో బీచ్ మీదకు కొడతారు. ఒక్కోసారి బీచ్‌లో నల్లటి నీళ్లతో ఇసుక ఉబికి వస్తుంటే పిల్లలు చుట్టూ మూగుతారు. యాభై ఏళ్ల కిందట పోసిన రాళ్ల పని ఇవాళ్టికీ జరుగుతూనే ఉంది చూడండి.

ఇప్పుడు దారి. మీ రైలు ఆరులోపు వస్తే ముందు ఫిషింగ్ హార్బర్‌కు పొండి. వేలంపాట తెల్లవారుజామునే మొదలవుతుంది, ఎనిమిదికల్లా పలచబడుతుంది. నేల తడిగా, ఐసు నీళ్లతో జారుతుంది. సైకిల్ దిగి నడిపించుకోండి. మరపడవల అవతల దక్షిణంగా చూస్తే రాళ్ల కట్ట కనిపిస్తుంది. అక్కడి నుంచి కోస్టల్ బ్యాటరీ అనే చోటు మీదుగా వన్‌టౌన్‌లోకి రండి. నేవీ గోడలు, గేట్లు వచ్చిన చోట ఫోను బయటకు తీయొద్దు, ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

వన్‌టౌన్‌లో సైకిల్ కింద ఎక్కడైనా తాళం వేసి రాస్ హిల్ నడిచి ఎక్కండి. మీ నాన్నగారి మూడు గుట్టలు అవే. ఒక దాని మీద మేరీమాత చర్చి, ఒక దాని మీద ఇసాక్ మదీనా దర్గా, ఒక దాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. చర్చి దగ్గర నిలబడితే కింద కాలువ, ఎదురుగా యారాడ కొండ, ఓడ వస్తుంటే చేత్తో తాకేటంత దగ్గరగా కనిపిస్తుంది. షిప్‌యార్డ్ క్రేన్లు కూడా చూడండి. 1948లో నెహ్రూ జల ఉష ఓడను నీళ్లలోకి దింపింది అక్కడే. దిగాక విక్టోరియా రాణీ బొమ్మ, కురుపాం మార్కెట్టు, బొబ్బిలి రాజా కట్టించిన టౌన్ హాల్ చుట్టూ తిరగండి. సన్నని వీధులు, కారులో వచ్చినవాళ్లకు దొరకవు. బుధవారమే రావడం మంచిదైంది. మార్గశిరమాసం గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గర ఇసుక వేస్తే రాలదు, సైకిల్ కాదు, మనిషి కూడా కదలలేడు.

ఒక్కటి మాత్రం చేయొద్దు. యారాడ కొండ ఎదురుగా కనిపిస్తోంది కదా, అరగంటలో పోయొద్దాం అనుకోవద్దు. మధ్యలో నీళ్లు. రోడ్డున పోవాలంటే హార్బర్ మొత్తం చుట్టి, కాన్వెంట్ జంక్షన్, సింథియా మీదుగా బొగ్గు లారీలు, కంటైనర్ లారీల మధ్య పోవాలి, చివర నిటారు ఘాట్ రోడ్డు. కొత్త మనిషికి ఆ రోడ్డు వద్దు.

మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి రండి. పెదవాల్తేరు ఎత్తు మీద ఉంటుంది, రెండు గేర్లు దించుకుంటే ఎక్కేయొచ్చు. తరువాత బీచ్ రోడ్డు. అక్కడ మ్యూజియంగా పెట్టిన కురుసుర జలాంతర్గామి చూడండి, సోమవారం సెలవు. మీది బుధవారం కాబట్టి సరిపోతుంది. ఓపిక ఉంటే తెన్నేటి పార్కు దాకా తొక్కి వెనక్కి తిరగండి. ఆ ఎత్తు మీది నుంచి చూపు ఒంగోలు తమ్ముడు చెప్పినట్టే ఉంటుంది. పైగా అక్కడి నుంచి చూస్తే మీ నాన్నగారి కట్ట ఊరి చివర గీతలాగా కనిపిస్తుంది. భీమిలి ఇంకోసారి. వదినను, పిల్లలను తీసుకుని రండి.

కొత్తపట్నం గాలి, ఒంగోలు

అక్క రాసింది చదివాక నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. నాలుగుసార్లు విశాఖ పోయాను, ఒక్కసారి కూడా వన్‌టౌన్‌లో అడుగు పెట్టలేదు. ఇసుక సంగతి అసలు తెలియదు. కాకపోతే అన్నా, తెన్నేటి పార్కు ఎత్తుకు ముందు కాస్త నీళ్లు తాగి, గేరు ముందే మార్చండి. చదును రోడ్డు వాళ్లం మనం, ఎత్తు మొదలయ్యాక మారుస్తాం. అప్పటికి బరువు పడి చైను ఊడుతుంది. నాకు అదే జరిగింది.

తుమ్మలపెంట రోడ్డు, కావలి

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. అమ్మా ఉలవపాడు చెల్లీ, సైకిల్ తీసుకుంటాను. పార్సిల్ సార్, సీటు విప్పి సంచిలో పెట్టేశాను. వచ్చాక రాస్తాను.

తుమ్మలపెంట రోడ్డు, కావలి

ఆదివారం తిరిగొచ్చాను. షాపు ఇవాళ కాస్త ఆలస్యంగా తెరుద్దామని కూర్చుని ఇది రాస్తున్నాను.

రైలు నలభై నిమిషాలు ఆలస్యం. చెల్లి వాళ్ల బాబు చీకట్లోనే వచ్చి స్టేషను బయట సైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. సీటు మార్చుకుని ఫిషింగ్ హార్బర్ చేరేసరికి ఆరున్నర దాటింది. మన దగ్గర ఆ వేళకు ఇంకా మంచు తెరలా ఉంటుంది, అక్కడ ఎండ అప్పటికే పడవల మీద పడింది. వేలం సగం అయిపోయింది. అయినా నాకు కావలసింది దొరికింది. ఒకామె గంపలో చేపలు సర్దుకుంటుంటే, వంజరానికి చెయ్యి చూపించి ఇదేమిటమ్మా అని అడిగాను. తెలిసే అడిగాను. ఆమె తలెత్తకుండా, కోనాం బాబూ, ఎంత కావాలి అంది. నాకు గొంతు పట్టేసింది. నలభై ఏళ్లు మా ఇంట్లో ఒక్క మనిషి నోట మాత్రమే విన్న మాట అది. అక్కడ అందరూ అదే అంటున్నారు.

రాళ్ల కట్ట అక్కడి నుంచి కనిపించింది, కానీ పడవల స్తంభాలు, తాళ్ల మధ్య ముక్కలు ముక్కలుగా. సరిగ్గా చూసింది రాస్ హిల్ మీద నుంచి. సైకిల్ కింద ఒక టీ కొట్టు దగ్గర తాళం వేసి, ఎక్కాను. కాలువ అంత సన్నగా ఉంటుందనుకోలేదు. మా కావలి చెరువు తూము నుంచి చూసినట్టు, ఎదురుగా కొండ మీదపడేలా ఉంది. అరగంట కూర్చున్నాను. ఒక ఎర్రటి ఓడ వచ్చింది. దాన్ని నడిపించడానికి ముందు ఒక టగ్గు పడవ, వెనక ఒక టగ్గు పడవ. కూత వేస్తుందేమోనని కాచుకుని ఉన్నాను. వెయ్యలేదు. ఇప్పుడు వైర్‌లెస్‌లో మాట్లాడుకుంటారని, కూత అరుదని అక్కడ ఊడుస్తున్న పెద్దాయన చెప్పాడు. ఆయనకు ఔటర్ హార్బర్ పని గుర్తుంది. రాళ్ల లారీలు రాత్రీపగలూ తిరిగేవని, ఇళ్లన్నీ దుమ్ముకొట్టుకుపోయేవని అన్నాడు. మా నాన్న పేరు అడగలేదు. అంతమంది కూలీల్లో ఎవరి పేరు ఎవరికి తెలుస్తుంది. నేనూ చెప్పలేదు.

నాన్న ఉన్న గది ఎక్కడో తెలియదు. కురుపాం మార్కెట్టుకు దగ్గర అని మాత్రం అనేవాడు. ఆ చుట్టుపక్కల వీధులన్నీ గంటన్నర తిరిగాను. ఒక వీధిలో ఎత్తు అరుగులు, చెక్క తలుపులు, పెంకుటిళ్లు ఇంకా మిగిలి ఉన్నాయి. సైకిల్ కాబట్టే ఆగాలనుకున్న చోట ఆగాను, వెనక్కి తిరిగి రెండోసారి చూడాలనుకున్న వీధిలోకి మళ్లీ పోయాను. ఎవరూ హారన్ కొట్టలేదు. అక్కడే వెనక టైరులో ఇనప ముక్క దిగింది. పంక్చర్ షాపు కుర్రాడు ట్యూబు నీళ్లలో ముంచుతూ ఏ ఊరు అని అడిగాడు, నెల్లూరు జిల్లా అన్నాను. సైకిల్ మీదే వచ్చారా అని లేచి నిలబడ్డాడు. కాదని చెప్పేసరికి నవ్వాడు గానీ, డబ్బులు సగమే తీసుకున్నాడు. చెల్లీ, ట్యూబుకు ఒక అతుకు పడింది, బావగారికి చెప్పండి.

భోజనం సంగతి రాయకపోతే తప్పు. వాళ్లింట్లో ఉలవచారు పెట్టారు. ఆ ఊళ్లో, ఆ ఎత్తు ఎక్కి వచ్చాక, మన వైపు కారంతో ఆ అన్నం తిన్నాక నిద్ర ముంచుకొచ్చింది. మూడింటికి లేపారు. పెదవాల్తేరు ఎక్కడం మాత్రం ఎవరికీ చిన్నది కాదు. ఒకచోట దిగి నడిచాను.

కురుసుర చూశాను. 1969లో నేవీలో చేరి 2001 దాకా పనిచేసిన జలాంతర్గామి. 91 మీటర్ల పొడవు. లోపల వంగి, గుండ్రటి తలుపుల్లోంచి కాళ్లు ఎత్తిపెట్టి దాటాలి. అన్ని గొట్టాలు, అన్ని వైర్లు, నా వృత్తికి సంబంధించినవే కాబట్టి ప్యానెల్ బోర్డుల దగ్గర నిలబడిపోయాను, వెనక జనం తోస్తున్నారు. బ్యాటరీల మీద నీటి కింద నడిచేదని గైడు చెబుతుంటే, అంత కరెంటును ఆ ఇరుకులో, ఆ తేమలో ఎట్లా కాపాడుకున్నారో అని ఆలోచిస్తూ ఉండిపోయాను. దాని గురించి వేరే రాయాలి.

ఐదింటికి తెన్నేటి పార్కు ఎత్తు. తమ్ముడూ, గేరు ముందే మార్చాను, చైను ఊడలేదు. పోయేటప్పుడు గాలి ఎదురే. పైన సైకిల్ గోడకు ఆనించి దక్షిణానికి తిరిగాను. చెల్లి చెప్పినట్టే. ఊరు, బీచ్ ఒంపు, చివర యారాడ కొండ, దాని పాదం దగ్గర నీళ్ల మీద సన్నటి నల్ల గీత. ఫోటో తీశాను, ఫోటోలో ఏమీ తెలియడం లేదు. కంటికి మాత్రం బాగా తెలిసింది. వచ్చేటప్పుడు గాలి వెనక నుంచి తోసింది. లాసన్స్ బే దాకా పెడల్ వేసిన గుర్తే లేదు. మొత్తం 37 కిలోమీటర్లు. ఆర్కే బీచ్‌లో ఆగి ఇసుక గుప్పెడు తీసి చూశాను. మన తుమ్మలపెంట ఇసుక కంటే ముదురు రంగు.

విజయనగరంలో రాత్రి అమ్మకు అంతా చెప్పాను. ఇసుక సంగతి రెండుసార్లు చెప్పించుకుంది. ఆ రాళ్లు ఇంకా అట్లాగే ఉన్నాయా అని అడిగింది. అట్లాగే ఉన్నాయి, అలలు కొడుతూనే ఉన్నాయి అన్నాను. మీ నాన్న ఎడమ చేతి బొటనవేలు గోరు అక్కడే పోయింది, నీకెప్పుడూ చెప్పలేదు కదా అంది. నిజంగానే నాకు తెలియదు. ఆ గోరు పుట్టుకతోనే లేదనుకునేవాణ్ని.

ఉలవపాడు ఆడపడుచు, పెదవాల్తేరు

ట్యూబు మార్చేశాం అన్నా, ఆ బెంగ వద్దు. ఇక్కడ ఇవాళ ఇసుక కొడుతున్నారు, గొట్టం పాండురంగపురం దగ్గర పెట్టారు. బాబును వీడియో తీసి పంపమన్నాను. అమ్మకు చూపించండి.